టర్బో పోయిన కారు, తులాధారుడి తక్కెడ



పోయిన వారం వీడియోలో మహాభారతం శాంతి పర్వంలోని జాజలి, తులాధారుల కథ చెప్పుకున్నాం. టైమ్ సరిపోక ఒక ప్రశ్నని అక్కడే వదిలేశాం. మనకి తెలియని పని చేసే మనిషిని మనం ఎలా నమ్మాలి? డాక్టరు కావచ్చు, లాయరు కావచ్చు, పురోహితుడు కావచ్చు, మెకానిక్ కావచ్చు. నమ్మకం అంటే కళ్ళు మూసుకోవడమా, తెరుచుకుని చూడడమా?

ఈ ప్రశ్న నాకు గుళ్ళోనో ప్రవచనంలోనో ఎదురవలేదు. నెల్లూరు ఆటోనగర్‌లో, గ్రీజు మరకల మధ్య ఎదురైంది. అందుకే ఈ పోస్ట్ నేనే రాస్తానని మా టీమ్‌ని అడిగాను.

నా గురించి ఒక్క మాట. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసిన వాళ్ళు మీకు చాలామంది తెలిసే ఉంటారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగం చెన్నైలో. అమ్మానాన్నలు నెల్లూరులో. నాన్నకి మూడు నెలలకోసారి చెన్నైలో గుండె చెకప్ ఉంటుంది. 2014లో ఆయన కొన్న డీజిల్ కారులోనే తీసుకెళ్తాను, తీసుకొస్తాను. ఆ కారు వారంటీ ఎప్పుడో అయిపోయింది.

ఆ రాత్రి ఏం జరిగింది

చెకప్ అయ్యాక చెన్నై నుంచి వస్తున్నాం. నాయుడుపేట దాటాక కారులోంచి సన్నగా ఈల లాంటి శబ్దం మొదలైంది. గూడూరు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతుంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి లాగట్లేదు. డాష్‌బోర్డ్ మీద ఇంజిన్ లైట్ వెలిగింది. వెనక లారీలు హారన్ కొడుతున్నాయి. పక్క సీట్లో నాన్న ఏమీ మాట్లాడకుండా డోర్ పైన హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నారు. గంటకి 40 కిలోమీటర్ల స్పీడ్‌లో, ఎడమ పక్కనే నడుపుకుంటూ ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

మర్నాడు స్కానర్ పెట్టిస్తే పి0299 అనే కోడ్ వచ్చింది. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఇంజిన్‌కి అందట్లేదని దాని అర్థం.

టర్బో గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతల ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. వృథాగా పోయే పొగతోనే బలం తెచ్చుకోవడం అన్నమాట. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బుషి 1905లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్షన్నర సార్లకు పైగా తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని కాపాడేది వెంట్రుక మందం కూడా లేని ఇంజిన్ ఆయిల్ పొర. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఎవరిని నమ్మాలి?

ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. "టర్బో అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్, 72 వేలు" అన్నారు. బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు కూడా చూడలేదు.

ఆ తర్వాత మా ఫ్రెండ్ చెప్పిన ఇంకో షాపుకి వెళ్ళాను. లోపలికి అడుగుపెట్టగానే నిలువెత్తు వెంకటేశ్వరస్వామి పటం. అగరొత్తుల వాసన. లిఫ్ట్‌కి పసుపు, కుంకుమ. బిల్లు పుస్తకం పైన ఓంకారం. నిజం చెప్తున్నా, నాకు అక్కడే సగం భయం పోయింది. "దేవుడికి భయపడే మనిషి, మోసం చెయ్యడు" అనుకున్నాను. ఆయన కూడా టర్బో పోయిందనే అన్నాడు. 55 వేలు. "అన్నా, ఏం పాడైందో ఒకసారి విప్పి చూపిస్తారా? పాత పార్ట్ నాకు ఇస్తారా?" అని అడిగాను. ఆయన ముఖం మారిపోయింది. "నమ్మకం లేకపోతే వేరేచోట చూసుకోండి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, సిగ్గు కూడా వేసింది. నమ్మకపోవడం నా తప్పా? "నమ్మి చెడినవాడు లేడు, నమ్మక చెడినవాడున్నాడు" అని మా నాయనమ్మ అంటూ ఉండేది. కానీ ఆ మాట దేవుడి విషయంలో. టర్బో విషయంలో కూడానా?

ఇక్కడ చదువు ఉన్నందుకు నా ఇబ్బంది ఇంకాస్త పెరిగింది. ఆ కోడ్ వచ్చినంత మాత్రాన టర్బో పోయినట్టు కాదని నాకు తెలుసు. గాలి పైపు చీలినా, వాక్యూమ్ గొట్టం ఊడినా, యాక్చువేటర్ బిగుసుకుపోయినా అదే కోడ్ వస్తుంది. తెలిసింది అంతవరకే. విప్పి చూసే చెయ్యి నాకు లేదు. సగం తెలిసినవాడి అవస్థ ఇది. పూర్తిగా నమ్మలేడు, సొంతంగా చేసుకోలేడు.

నేను చేయబోయిన పని

ఈలోపు సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మించే ఒక తెలిసినాయన సలహా ఇచ్చాడు. "ఎందుకన్నా అంత ఖర్చు? పైపులో ఆయిల్ తుడిపించి, కోడ్ క్లియర్ చేయిద్దాం. కొన్ని రోజులు లైట్ వెలగదు. ఆలోపు అమ్మేద్దాం."

ఒక రాత్రంతా దాని గురించే ఆలోచించాను. వద్దని కాదు, ఎలా చెయ్యాలా అని. నా లెక్క నాకు కరెక్ట్‌గానే అనిపించింది. పాత కారు కొనేవాడు చూసుకునే కొంటాడు కదా, నేను అబద్ధం చెప్పను, అడగనిది చెప్పను, అంతే కదా. అప్పటికి వారం రోజులుగా నెల్లూరంతా తిరిగి నేను వెతుకుతున్నది ఏమిటో గమనించారా? మోసం చెయ్యని మనిషిని. అదే వారంలో నేను తయారవుతున్నది మోసం చేసే మనిషిగా. ఈ రెండూ నా బుర్రలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి చూసుకోలేదు.

మర్నాడు ఆ చిన్న పని చేయించడానికే ఆటోనగర్‌లో వెనక సందులో ఉన్న ఒక షెడ్డుకి వెళ్ళాను. అరవై ఏళ్ళ పెద్దాయన. అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు. బోర్డు లేదు, పటం లేదు, ఏసీ రూమ్ లేదు. ఒక పాత చెక్క బెంచీ, గోడకి వరసగా తగిలించిన స్పానర్లు, అంతే. విషయం చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అడిగిన మొదటి మాట ఇది:

"అమ్మేదానికా అబ్బయ్యా, తిరిగేదానికా?"

"అమ్మేదానికే భాయ్."

"అయితే నాకొద్దులే. నువ్వు అమ్మేసి పోతావు. కొన్నోడు నెలకి నా షెడ్డుకే తోలుకొస్తాడు. వాడి మొహం నేను చూడాల."

నేను నిలబడిపోయాను. నీతి పాఠం చెప్పలేదు ఆయన. పాపం, పుణ్యం అన్న మాటే ఎత్తలేదు. నేను రాత్రంతా ఆలోచించినా నాకు కనిపించని ఒక మనిషిని, ఆ కారు కొనబోయేవాడిని, ఆయన ఒక్క ముక్కలో నా ముందు నిలబెట్టాడు. వాడు కూడా ఎవరో ఒక నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని రాత్రిపూట హైవే ఎక్కుతాడు. ఆ ఫ్లైఓవరే ఎక్కుతాడు.

"తిరిగేదానికే చెయ్యండి భాయ్" అన్నాను.

"ఆయిలు ఎప్పుడు మార్చావు?"

"ఈ మధ్యనే."

ఆయన డిప్‌స్టిక్ బయటికి లాగి, ఆయిల్‌ని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. తారులా ఉంది. నా వైపు చూశాడు. "డాక్టరు దగ్గిర అబద్ధం చెప్తే పోయేది నీ పానమే. నాకు అబద్ధం చెప్తే నేను తప్పు మందు ఇస్తా. చెప్పు, ఎప్పుడు?"

ఏడాదిన్నర అయింది. నాన్న రెండుసార్లు గుర్తు చేశారు. "వచ్చే వారం చూద్దాం నాన్నా" అన్నాను రెండుసార్లూ. రిలీజ్ ఉంది, డెడ్‌లైన్ ఉంది, ఏదో ఒకటి ఉంది.

భాయ్ గాలి పైపు విప్పాడు. లోపలంతా ఆయిల్. నా చెయ్యి పట్టుకుని టర్బో ఇరుసు చివర పెట్టించాడు. "పక్కకి కొంచెం ఊగితే తప్పు లేదు. ముందుకి, వెనక్కి ఊగగూడదు. చూడు." ఊగింది. పాతికేళ్ళ కుర్రాడికి తెలిసేలా చెప్పి, నా వేలితో నన్నే చూసుకోమన్నాడు. తర్వాత ఆయిల్ వచ్చే సన్నటి పైపు తీసి చూపించాడు. కాలిన ఆయిల్ గడ్డకట్టి సగం మూసుకుపోయి ఉంది. ఇందాక చెప్పిన వెంట్రుక మందం పొర నెలల తరబడి సరిగ్గా అందలేదన్నమాట.

అంటే టర్బో నిజంగానే పోయింది. ముందు చెప్పిన ఇద్దరూ చెప్పింది నిజమే. దాన్ని పాడుచేసింది మాత్రం నేను.

బయటి కవచాలు బాగానే ఉన్నాయి కాబట్టి లోపలి కార్ట్రిడ్జ్ ఒక్కటి మారిస్తే చాలన్నాడు. ఆయిల్ పైపు కొత్తది, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి. ఇంటర్‌కూలర్ విప్పి కడగాలన్నాడు, ఎందుకంటే అందులో నిలిచిన ఆయిల్‌ని ఇంజిన్ పీల్చుకుంటే తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. పార్టుల బిల్లులతో సహా మొత్తం 31 వేల చిల్లర. కాగితం మీద రాసిచ్చాడు. బిగించాక వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. టర్బోలోకి చేత్తో కాస్త ఆయిల్ పోసి, ఇంజిన్ అందుకోకుండా కొన్నిసార్లు తిప్పి, ఆయిల్ పైకి చేరాకే స్టార్ట్ చేశాడు. "పిలకాయకి పాలు పట్టి బడికి తోలినట్టు" అని నవ్వాడు.

గ్యారెంటీ అడిగాను. "నా పనికి ఆరు నెలలు. పార్టుకి కంపెనీ బిల్లు నీ చేతిలో ఉండాది. నువ్వు ఆయిలు మార్చకపోతే మటుకు ఎవుడూ గ్యారెంటీ ఇయ్యలేడు."

పాడైన ఇరుసుని పేపర్లో చుట్టి నా చేతికిచ్చాడు. ఇప్పుడు అది చెన్నైలో నా టేబుల్ మీద, లాప్‌టాప్ పక్కన ఉంటుంది.

తక్కెడ ఒక్కటే

ఇప్పుడు తులాధారుడి దగ్గరికి వద్దాం. జాజలి సముద్రతీరంలో కదలకుండా తపస్సు చేశాడు. ఆయన జుట్టులో పక్షులు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి ఎగిరిపోయేదాకా కదల్లేదు. "ధర్మం సాధించేశాను" అనుకున్నాడు. అప్పుడు, కాశీలోని తులాధారుడితో నువ్వు సరిపోవు అని ఒక వాక్కు వినిపించింది. వెళ్ళి చూస్తే ఆయన ఒక మామూలు వర్తకుడు, అంగట్లో సరుకులు అమ్ముకుంటున్నాడు. ఆయన చెప్పుకున్న గొప్పల్లా ఒక్కటే: నా తక్కెడ అందరికీ సమానం. భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథ ఇది. ఆ శాంతి పర్వాన్ని తెలుగులోకి తెచ్చిన తిక్కన మా నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని కవి అని చెప్పుకోవడం మాకో ముచ్చట.

చిన్నప్పటి నుంచి ఈ కథని "ఆడంబరం కన్నా నిజాయితీ గొప్ప" అని అర్థం చేసుకున్నాను. అది నిజమే. పటం చూసి మనిషిని కొలవకూడదని ఆ షాపు నాకు నేర్పింది. అలాగని పటం ఉన్న ప్రతివాడూ మోసగాడని కాదు, అది ఇంకా పెద్ద పొరపాటు. ఆయన చెప్పిన జబ్బు నిజమే కదా! చూపించడానికి ఇష్టపడలేదు, అంతే.

కానీ ఆ కథలో నేను ఇన్నాళ్ళూ చూడనిది ఇంకొకటి ఉంది. తక్కెడకి రెండు పళ్ళేలు ఉంటాయి. నేను ఒక పళ్ళెంలో మెకానిక్‌లందరినీ కూర్చోబెట్టి తూచాను. రెండో పళ్ళెంలో నన్ను పెట్టుకోలేదు. కొనేవాడిగా నాకు కావలసిన నిజాయితీని అమ్మేవాడిగా నేను ఇవ్వడానికి సిద్ధంగా లేను. మెకానిక్ నాకు నిజం చెప్పాలి, నేను ఆయనకి ఆయిల్ గురించి అబద్ధం చెప్పొచ్చు. ఇది రెండు తక్కెడల వ్యాపారం.

జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో సరిగ్గా పాత కార్ల మీదే ఒక వ్యాసం రాశాడు. తర్వాత 2001లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పింది ఇది: లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. మోసపోతానేమోనన్న భయంతో కొనేవాడు అన్ని కార్లకీ తక్కువ ధరే ఇస్తాడు. ఆ ధర గిట్టక మంచి కారు ఉన్నవాడు సంత నుంచి తప్పుకుంటాడు. చివరికి మిగిలేవి ఎక్కువగా పాడైన కార్లే. మెకానిక్‌ల విషయంలోనూ ఇంతే కదా. అందరినీ దొంగలుగా చూసి, అందరి కూలీనీ ఒకేలా గీచి గీచి బేరమాడితే, శ్రద్ధగా చేసేవాడికి గిట్టదు. అప్పుడు "మంచి మెకానిక్కే దొరకడం లేదు" అని మనమే అంటాం.

శ్రద్ధ అంటే

గీతలో నాలుగో అధ్యాయంలో ఆరు శ్లోకాల తేడాలో రెండు మాటలు ఉన్నాయి. 34వ శ్లోకం తెలిసినవాళ్ళ దగ్గరికి వినయంతో, సేవతో, పరిప్రశ్నతో వెళ్ళమంటుంది. అంటే అడగమంటుంది. 40వ శ్లోకం శ్రద్ధ లేనివాడు, సంశయంతో నిండినవాడు నశిస్తాడంటుంది. అక్కడి సందర్భం ఆత్మజ్ఞానం, మెకానిక్ షెడ్డు కాదని నాకూ తెలుసు. కానీ ప్రశ్నకీ సంశయానికీ ఉన్న తేడా రెండు చోట్లా ఒకటే అనిపిస్తుంది. ప్రశ్న జవాబు దొరికితే ఆగుతుంది. సంశయం జవాబు దొరికినా ఆగదు. భాయ్ ఇరుసు ఊపి చూపించాక కూడా నేను ఇంకో ముగ్గురికి ఫోన్ చేసి ఉంటే, అది సంశయం. ఆయన చూపించాడు, నేను చూశాను, అక్కడితో ఆగాను.

మన తెలుగులో శ్రద్ధ అన్న మాటకి రెండు అర్థాలు ఉన్నాయి, గమనించారా? దేవుడి మీద భక్తిశ్రద్ధలు అంటే నమ్మకం. శ్రద్ధగా పని చెయ్యి అంటే జాగ్రత్త, మనసు పెట్టడం. ఆటోనగర్‌లో ఈ రెండు అర్థాలూ ఎదురెదురుగా నిలబడడం చూశాను. ఆయన శ్రద్ధగా చేశాడు కాబట్టి నాకు శ్రద్ధ కలిగింది. మొదటిది లేకుండా రెండోది అడగడం న్యాయం కాదు. మొదటిది చూశాక కూడా రెండోది ఇవ్వకపోవడమూ న్యాయం కాదు.

ఇక నా సొంత షెడ్డు సంగతి. నేను రాసే కోడ్‌ని వాడేవాళ్ళు ఎవరూ విప్పి చూడలేరు. ఆ నెల్లోనే ఆఫీసులో ఒక ఎర్రర్ వస్తుంటే, కారణం వెతికే ఓపిక లేక, అది స్క్రీన్ మీద కనబడకుండా చేసి "ఫిక్స్ అయింది" అని టికెట్ క్లోజ్ చేశాను. టర్బో పాడైతే లైట్ ఆర్పెయ్యడం లాంటిదే కదా ఇది? చెన్నై తిరిగి వెళ్ళాక ఆ టికెట్ నేనే మళ్ళీ ఓపెన్ చేశాను. మేనేజర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాట పడ్డాను. రెండు రోజులు పట్టింది, అసలు కారణం దొరికింది.

మీకు ఉపయోగపడతాయని

వారంటీ లేని బండికి మెకానిక్‌ని వెతికేటప్పుడు నేను ఇప్పుడు చూసేవి ఇవి. పార్ట్ పేరు చెప్పే ముందు కారణం వెతుకుతున్నాడా? పాడైంది చూపిస్తున్నాడా, పాత పార్ట్ ఇస్తానంటున్నాడా? ఖర్చు కాగితం మీద రాస్తున్నాడా? అడిగితే విసుక్కుంటున్నాడా, చెప్తున్నాడా? అన్నిటికన్నా ముఖ్యం, అవసరం లేని పనిని వద్దంటున్నాడా? బిల్లు తప్పకుండా తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సర్వీసులో లోపానికి జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు, దానికి ఆధారం ఆ బిల్లే. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915.

మన వైపు నుంచి ఇవ్వాల్సినవి కూడా ఉన్నాయి. బండి చరిత్ర దాచకుండా చెప్పడం. పనితనానికి తగిన కూలీ ఇవ్వడం. బాగా చేసినవాడి గురించి నలుగురికి చెప్పడం. టైమ్‌కి ఆయిల్ మార్చడం. చివరిది నేను నాకు చెప్పుకుంటున్నాను.

ఆ తర్వాత నాన్న చెకప్‌కి నాలుగుసార్లు వెళ్ళొచ్చాం. మొన్న గూడూరు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నాన్న డోర్ హ్యాండిల్ పట్టుకోలేదు. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నారు. ఆయన నా డ్రైవింగ్‌ని, నేను భాయ్ పనిని, భాయ్ నేను చెప్పిన మాటని నమ్ముకుని ఆ రోడ్డు మీద వెళ్తున్నాం అనిపించింది.

మీ వృత్తిలో మీరు ఎవరికి మెకానిక్? ఈ వారం ఒక్కసారి ఆలోచించండి. పెన్న ఒడ్డున పవళించిన మా తల్పగిరి రంగనాథుడి దయ మీ అందరి మీదా ఉండాలని కోరుకుంటూ, వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

శుభం.